పై దవడ పూర్తి ఇంప్లాంట్ బ్రిడ్జి: కదిలే పళ్ల మీద గైడ్ కూర్చోనప్పుడు

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో దించే కృత్రిమ వేరు. అది ప్లాన్ చేసిన చోటే పడేలా డ్రిల్‌కు దారి చూపే అచ్చు గైడ్. స్టాకబుల్ గైడ్‌లో ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అన్నిటికీ కింద ఉండేది ఎముకకు పిన్నులతో బిగించే బేస్ గైడ్. అది 1 మి.మీ. పక్కకు కూర్చుంటే దాని మీదకొచ్చే డ్రిల్ గైడ్, అబట్‌మెంట్ (ఇంప్లాంట్‌ను, బ్రిడ్జిని కలిపే ముక్క) గైడ్, తాత్కాలిక బ్రిడ్జి (ఇంప్లాంట్లకు బిగించే పళ్ల వరుస) అన్నీ అదే 1 మి.మీ. పక్కకు పోతాయి. అయినా ఒకదానితో ఒకటి మాత్రం చక్కగా అతుకుతాయి. టక్కుమని పడతాయి, ఊగవు, కంటికి తప్పు కనబడదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈ కేసులో బేస్ గైడ్‌ను సరైన చోట నిలపడం రెండు సందర్భాల్లో ఇబ్బంది పెట్టింది: ఒకసారి సర్జరీకి ముందు, ఒకసారి సర్జరీ మధ్యలో. రెండుసార్లూ ముక్కల అమరికను కాకుండా నోట్లోని ఆధారాన్ని, మొదటిసారి పళ్లను, రెండోసారి ఎముకలోని స్క్రూలను, చూసినందువల్లే తప్పు బయటపడింది. రోగిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

నేపథ్యం

రోగి యాభై ఏళ్లు దాటిన మహిళ. ఊరు ఉత్తరాంధ్ర తీరంలో. చాలా ఏళ్లు అడ్డపొగ అలవాటు ఉండేది, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. మానేసి ఏడాది దాటింది. అంగిలి వెనక భాగంలో తెల్లగా మందమైన పొర, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు ఉన్నాయి. బయాప్సీలో డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు ముందు కణాల్లో కనిపించే మార్పు) లేదని వచ్చింది. అయినా అడ్డపొగ తాగిన అంగిలిని జీవితాంతం గమనిస్తూనే ఉండాలి.

షుగర్ ఉంది. మొదట చూసినప్పుడు హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 8.6. ఫిజీషియన్ మందులు మార్చాక, అదే సమయంలో చిగుళ్ల చికిత్స కూడా జరిగాక, మూడు నెలలకు 7.2కి దిగింది.

పై దవడలో మిగిలినవి ఆరు ముందు పళ్లు, అంటే 13 నుంచి 23 వరకు (మొదటి అంకె దవడ భాగం, 1 పై కుడి, 2 పై ఎడమ; రెండో అంకె మధ్యగీత నుంచి పన్ను వరుస సంఖ్య). నాలుగు కోత పళ్లకూ మూడో గ్రేడు (అన్నిటికన్నా ఎక్కువ) కదలిక, కోరపళ్లు రెండింటికీ ఒకటో గ్రేడు. వెనక పళ్లన్నీ ఎప్పుడో పోయాయి. కోత పళ్లు ముందుకు వాలి కిందికి జారాయి. గట్టిగా నవ్వితే పళ్ల పైన 4 మి.మీ. దాకా చిగురు కనిపిస్తుంది. కింది దవడలో 35 నుంచి 45 వరకు సొంత పళ్లే, స్కేలింగ్, రూట్ ప్లానింగ్ (పళ్లను, వేర్లను శుభ్రం చేయడం) అయ్యాక గట్టిపడ్డాయి. వాటిని కదపాల్సిన పని లేదు.

అసలు సమస్య

ఆవిడ అడిగింది ఒక్కటే: "తీసిపెట్టుకునే పళ్లసెట్టు నాకొద్దండి." ఆ కోరికను పక్కన పెట్టి చూసినా బిగించిన బ్రిడ్జి వైపు మొగ్గడానికి వైద్యపరమైన కారణం ఉంది. పై దవడ పూర్తి పళ్లసెట్టు అంగిలిని కప్పేస్తుంది. అంగిలి మీదున్న ఆ పొరను ప్రతి రివ్యూలోనూ చూడాలి, మార్పేదైనా వస్తే రోగికి ముందు తెలియాలి. నాలుక తగిలే చోట అంగిలి తెరిచి ఉంటే గరుకుదనం, పుండు వెంటనే తెలుస్తాయి. సెట్టు కింద దాగితే తెలియవు.

ఇంప్లాంట్లు నాలుగా, ఆరా? మోలార్ల (దవడ పళ్ల) చోట సైనస్ (పై దవడ ఎముకలోని గాలి గది) కింద ఎముక 4 నుంచి 5 మి.మీ. మాత్రమే. ఆరు పెట్టాలంటే రెండువైపులా సైనస్ లిఫ్ట్ కావాలి, అంటే సైనస్ అడుగు పొరను ఎత్తి కింద ఎముక గ్రాఫ్ట్ నింపడం. షుగర్, పాత పొగాకు అలవాటు ఉన్న మనిషికి అదనపు సర్జరీ, అదనపు గ్రాఫ్ట్ పెట్టడం వల్ల వచ్చే లాభం కన్నా రిస్కే ఎక్కువ అనిపించింది. లిస్బన్‌లో పాలో మాలో బృందం కింది దవడకు 2003లో, పై దవడకు 2005లో ప్రచురించిన నాలుగు ఇంప్లాంట్ల పద్ధతి ఇలాంటి దవడకే సరిపోతుంది. ముందు రెండు నిటారుగా, వెనక రెండు సైనస్ ముందు గోడ పక్కనుంచి 30 డిగ్రీలు వాల్చి. ప్లాన్‌లో 12, 22 దగ్గర 4.0 x 13 మి.మీ. ఇంప్లాంట్లు, 15, 25 దగ్గర 4.0 x 15 మి.మీ. ఇంప్లాంట్లు వచ్చాయి. సైనస్ గోడకు, ఇంప్లాంట్‌కు మధ్య 2 మి.మీ. ఉంచాం. ఆ 2 మి.మీ. ఊరికే ఇచ్చినది కాదు. స్టాటిక్ గైడ్ల (ఇలా ముందే తయారుచేసి పెట్టుకునే గైడ్ల) మీద 2018లో వచ్చిన మెటా విశ్లేషణలో సగటు తేడా ప్రవేశ బిందువు దగ్గర 1.2 మి.మీ., కొన దగ్గర 1.4 మి.మీ., కోణంలో 3.5 డిగ్రీలు. సగటే అంత ఉంటే అంతకన్నా తక్కువ ఖాళీతో ప్లాన్ చేయడం తెరమీద అందంగా ఉంటుంది, నోట్లో కాదు.

ఎముక ఎంత తగ్గించాలన్నది కొత్త పళ్ల అంచు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. జారిన కోత పళ్ల అంచుకన్నా కొత్త అంచు 2 మి.మీ. పైకి రావాలని ఫొటోలు, మాట్లాడే తీరు చూసి నిర్ణయించాం. ఆ కొత్త అంచు నుంచి ఎముక గట్టుకు దూరం మధ్యగీత దగ్గర 12 మి.మీ., కోరపళ్ల దగ్గర 11 మి.మీ. ఉంది. టైటానియం బార్, దానిమీద యాక్రిలిక్, చిగురు రంగు భాగం, కింద చిగురు మందం, అన్నీ పట్టడానికి 15 మి.మీ. కావాలి. అంటే 3 నుంచి 4 మి.మీ. ఎముక తీయాలి. తీయకపోతే రెండు నష్టాలు. బ్రిడ్జి పలచబడి విరుగుతుంది. పైగా నవ్వినప్పుడు కృత్రిమ చిగురు, అసలు చిగురు కలిసే గీత పెదవి కింద కనబడుతుంది. కోరపళ్ల దగ్గర ఎముక ఎత్తు 19 మి.మీ. ఉంది కాబట్టి 4 తీసినా సరిపోతుంది.

మొదట అనుకున్నది, అది ఎందుకు కుదరలేదు

పళ్లు ఇంకా ఉన్న దవడకు వాడుకలో ఉన్న క్రమం ఇది. పళ్లమీద కూర్చునే పొజిషనింగ్ గైడ్‌తో బేస్ గైడ్‌ను సరైన చోటికి తెచ్చి పిన్నులు బిగిస్తారు. పొజిషనింగ్ గైడ్ తీసేసి పళ్లు తీస్తారు. బేస్ అంచుకు సమానంగా ఎముక తగ్గించి, దాని మీద డ్రిల్ గైడ్ ఎక్కిస్తారు. అంటే బేస్ ఎక్కడ కూర్చోవాలో చెప్పేది పళ్లే.

ఈ కేసులో రిఫరల్‌తో వచ్చిన సిబిసిటి (దవడల త్రీడీ ఎక్స్‌రే), ఇంట్రా ఓరల్ స్కాన్ (నోట్లో కెమెరాతో తీసే పళ్ల, చిగుళ్ల ఆకారం) రెండూ చిగుళ్ల చికిత్సకు ముందువి. మొదటి సెట్ గైడ్లు వాటి మీదే డిజైన్ అయ్యాయి. సర్జరీకి ముందు పొజిషనింగ్ గైడ్‌ను నోట్లో ట్రయల్ చూస్తే అది ఊగింది. గైడ్‌కు ప్రతి పన్ను అంచు దగ్గరా కిటికీ పెట్టి ఉంటుంది. 11, 21 కిటికీల్లో రెసిన్ పన్నును ఒత్తుకుని ఉంది. 13, 23 కిటికీల్లో పన్నుకు, రెసిన్‌కు మధ్య సందు. పెరియోడాంటల్ ప్రోబ్ (చిగుళ్ల లోతు కొలిచే సన్నటి కడ్డీ) కొన వ్యాసం 0.5 మి.మీ. ఉంటుంది. అది అందులోకి తేలిగ్గా దూరి ఇంకా ఆడింది.

ప్రింటింగ్ తప్పా? అదే గైడ్‌ను పాత స్కాన్ నుంచి తీసిన మోడల్ మీద పెడితే ఏ సందూ లేదు. కాబట్టి గైడ్ సరిగానే ఉంది, పళ్లే కదిలాయి. చిగుళ్ల వాపు తగ్గాక వాలిపోయిన ముందు పళ్లు కొంత మేర వాటంతట అవే వెనక్కి సర్దుకోవడం పెరియో చికిత్సలో తెలిసిన విషయమే. ఇక్కడ జరిగింది అదే.

ఇక దారులు ఆలోచించాలి. అన్నిటికన్నా సులువైనది కోత పళ్ల దగ్గర గైడ్ లోపల కొంచెం గ్రైండ్ చేసి, కోరపళ్ల మీద మాత్రం కూర్చోబెట్టడం. చాలాచోట్ల చేసేది ఇదే. కానీ రెండు బిందువుల మీద నిలిచిన గైడ్ ఆ రెండిటినీ కలిపే గీత చుట్టూ తిరుగుతుంది. కోరపళ్ల గీతనుంచి 25 మి.మీ. వెనకున్న చోట 3 డిగ్రీల వాలు అంటే 1.3 మి.మీ. తేడా. మనం సైనస్ దగ్గర వదిలిన 2 మి.మీ.లో అది ఒక్కటే సగానికి పైగా తినేస్తుంది. డ్రిల్, స్లీవ్ (గైడ్‌లో డ్రిల్ దూరే గొట్టం), ప్రింట్ తేడాలు ఇంకా కలవనే లేదు.

పళ్లను వైరుతో, కాంపొజిట్‌తో (పంటి రంగు రెసిన్‌తో) స్ప్లింట్ చేసి, అంటే ఒకదానితో ఒకటి కట్టి, కొత్తగా స్కాన్ తీయడం రెండో దారి. ఖర్చు తక్కువ, చాలా కేసుల్లో చాలు కూడా. కానీ స్ప్లింట్ పళ్లు విడివిడిగా కదలకుండా ఆపుతుంది, గుత్తిగా కదలడాన్ని ఆపదు. పట్టుకోవడానికి ఇక్కడున్న మంచి పళ్లు రెండే. గైడ్‌ను వేలితో నొక్కి కూర్చోబెట్టేటప్పుడు మొత్తం వరుస అరమిల్లీమీటరు లోపలికి దిగినా మనకు తెలియదు. అన్నిటికీ మించి, పళ్లు తీసేశాక ఆ ఆధారం ఉండదు. మధ్యలో బేస్ కదిలితే వెనక్కి వెళ్లే దారే లేదు.

అంగిలి చర్మం మీద కూర్చునే గైడ్ కుదరదు. మెత్తటి కణజాలం నొక్కితే కుంగుతుంది, మత్తు ఇంజెక్షన్‌తో ఉబ్బుతుంది, ఫ్లాప్ (కోసి ఎముక నుంచి లేపే చిగురు పొర) ఎత్తితే కదులుతుంది. డైనమిక్ నావిగేషన్ (డ్రిల్ ఎక్కడుందో కెమెరాలతో తెరమీద చూస్తూ చేయడం) వాడొచ్చుగా అని కొందరు అడుగుతారు. దానికీ రిజిస్ట్రేషన్‌కు, అంటే స్కాన్‌ను నోటితో జత చేయడానికి, కదలని ఆధారం కావాలి. అంటే ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది.

ఆధారాన్ని ఎముకలోకి మార్చడం

చివరికి ఎంచుకున్నది ఆర్థో (పళ్లు సరిచేసే) విభాగంలో రోజూ వాడే మినీ స్క్రూలు. లోకల్ అనస్తీషియాలో నాలుగు పెట్టాం. అంగిలి ముందు భాగంలో, మధ్యగీతకు రెండువైపులా, ఇన్‌సిసివ్ కెనాల్‌కు (కోత పళ్ల వెనక నరం, రక్తనాళాలు వచ్చే రంధ్రానికి) వెనకగా 1.6 x 8 మి.మీ.వి రెండు. పళ్లులేని వెనక గట్టుమీద రెండు వైపులా 1.6 x 6 మి.మీ.వి రెండు. వెనక పొట్టివి ఎందుకంటే అక్కడ సైనస్ కింద ఎముకే 4, 5 మి.మీ., చిగురు మందం 2 మి.మీ. దాటి ఉంది. బయాప్సీ తీసిన చోటు, మందమైన పొర ఉన్న చోటు వదిలేశాం. ఒక్కొక్క స్క్రూను ట్వీజర్‌తో కదిపి చూడాలి. కాస్త ఆడినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

మూడు చాలవా? మూడు కాళ్ల పీట ఒక కాలు పొట్టిదైనా ఊగదు. నాలుగు కాళ్లదైతే వెంటనే ఊగుతుంది. తప్పును చూపించడానికే నాలుగోది.

స్క్రూలు పెట్టాక అదే రోజు కొత్త సిబిసిటి, కొత్త ఇంట్రా ఓరల్ స్కాన్. సిబిసిటికి బుగ్గలు, పెదవులు చిగుళ్లకు అంటకుండా కాటన్ రోల్స్ పెట్టాలి, పై కింది పళ్లు తగలకుండా మధ్యలో కాటన్ ఉంచాలి. వాక్సెల్ (త్రీడీ చిత్రంలోని అతి చిన్న గడి) 0.2 మి.మీ. లోహం చుట్టూ సిబిసిటిలో వెలుగు పరుచుకుని స్క్రూ తల అసలు కన్నా లావుగా కనిపిస్తుంది. అందుకని తల ఉపరితలాన్ని ఉపరితలంతో కలపకుండా, స్క్రూ అక్షం, తల మధ్యబిందువు చూసుకుని రెండు స్కాన్లనూ కలపాలి. కోరపళ్లతో సరిచూసుకుంటే తేడా 0.2 మి.మీ. లోపు ఉంది. ఇక్కడ తేడా 0.5 దాటితే డిజైన్‌కు పోకుండా స్కాన్ మళ్లీ తీయడమే మంచిది.

కొత్త సెట్‌లో పొజిషనింగ్ గైడ్ నాలుగు స్క్రూ తలల మీద గిన్నెలాంటి గుంటలతో కూర్చుంటుంది. పళ్ల మీద మాత్రం ఎక్కడా తగలదు, చుట్టూ 1 మి.మీ. ఖాళీ. బేస్ గైడ్ కోబాల్ట్ క్రోమ్‌లో లేజర్ సింటరింగ్‌తో (లోహపు పొడిని లేజర్‌తో అతికించి) తీసింది, 3 మి.మీ. మందం, పెదవి వైపు మాత్రమే ఉండే గుర్రపునాడా ఆకారం. దానికి 2 మి.మీ. వ్యాసం పిన్నులకు నాలుగు రంధ్రాలు, అవికాక రెండు అదనపు రంధ్రాలు. పిన్నులన్నీ ఒకే దిశలో ఉంటే గైడ్ సొరుగులా బయటికి వస్తుంది, కాబట్టి వాటి దిశలు విడిపోవాలి. డ్రిల్ గైడ్, అబట్‌మెంట్ దిశ చూపే గైడ్ రెసిన్‌లో. రెసిన్ ముక్కల్ని ఆటోక్లేవ్ చేశాక (వేడి ఆవిరితో శుద్ధి చేశాక) మోడల్ మీద మళ్లీ కూర్చోబెట్టి చూడాలి. వేడికి వంగేవి వంగుతాయి. ఆటోక్లేవ్‌కు ముందు చూసిన ఫిట్‌కు విలువ లేదు.

ఇంకో చిన్న ముక్క కూడా చేయించాం. బేస్‌కు తగిలించే చేయి, దాని నాలుగు కొనలు నాలుగు స్క్రూ తలలను తాకాలి. దాని పని చెకింగ్ ఒక్కటే. ఈ కేసును గట్టెక్కించింది ఆ ముక్కే.

సర్జరీలో

ఫ్లాప్ బేస్ అంచు పడే చోటికన్నా కనీసం 3 మి.మీ. పైదాకా ఎత్తాలి. తక్కువ ఎత్తితే చిగురు మడత లోహం కింద నలిగి ఒక వైపు గైడ్ లేచి ఉంటుంది. పిన్ను బిగించగానే ఆ మడత నొక్కుకుపోయి గైడ్ సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది. సెలైన్‌తో కడిగి, సక్షన్ పెట్టి, కిటికీల్లోంచి ఎముక తెల్లగా కనబడితేనే పిన్ను డ్రిల్ మొదలుపెట్టాలి.

పొజిషనింగ్ గైడ్ నాలుగు స్క్రూల మీద ఊగకుండా కూర్చుంది. నాలుగు పిన్నులు బిగించాం. చెక్ చేయి నాలుగు చోట్లా తాకింది. పళ్లు తీశాం. ఎముక తగ్గించాం. మళ్లీ చేయి పెట్టాం. ఎడమ వెనక స్క్రూ దగ్గర ప్రోబ్ కొన దూరింది.

అప్పుడు డ్రిల్ గైడ్ ఎక్కించి చూస్తే బేస్ మీద ఎప్పట్లాగే టక్కున పడింది. దాన్ని మాత్రమే చూసి ఉంటే ఏమీ తెలిసేది కాదు.

కారణం ఎడమ కోరపన్ను దగ్గరి పిన్ను. ఆ పన్ను వేరుమీద పెదవి వైపు ఎముక పలచటి రేకులా ఉంది. పన్ను ఉన్నంతసేపూ వేరు వెనకనుంచి ఆ రేకుకు ఆసరా ఇచ్చింది, పిన్నూ గట్టిగా ఉంది. పన్ను తీసేటప్పుడు రేకు చిట్లింది, పిన్ను పట్టు పోయింది. ఎముక తగ్గించే బర్ అదురుకు బేస్ ఆ వైపు జరిగింది.

ఇక్కడ రెండు దారులు. చేత్తో సరిచేసి, వదులైన పిన్నును మళ్లీ నొక్కి, ముందుకు పోవడం ఒకటి. అంటే ఎంత జరిగిందో తెలియకుండా ఎంత సరిచేయాలో ఊహించడం. రెండోది వెనక్కి వెళ్లడం. పొజిషనింగ్ గైడ్ పళ్లమీద ఆధారపడి ఉంటే వెనక్కి వెళ్లే వీలే ఉండేది కాదు, పళ్లు ట్రేలో ఉన్నాయి. స్క్రూలు మాత్రం ఇంకా నోట్లోనే ఉన్నాయి. పిన్నులన్నీ తీసి, పొజిషనింగ్ గైడ్‌ను స్క్రూల మీద మళ్లీ కూర్చోబెట్టి, బేస్‌ను దానికి తగిలించాం. ఎడమ పాత రంధ్రం వదిలేసి, పైనున్న అదనపు రంధ్రంలోంచి జైగోమా బట్రెస్ (చెంప ఎముక పై దవడకు కలిసే మందమైన చోటు) వైపు గట్టి ఎముకలోకి కొత్త పిన్ను వేశాం. చేయి నాలుగు చోట్లా తాకింది. పోయింది కాసేపు సమయం మాత్రమే.

ఎముక తగ్గించే దగ్గర మరో విషయం. బేస్ పెదవి వైపే ఉంటుంది కాబట్టి బర్ ఆ అంచుకు సమానంగా తిరుగుతుంది, అంగిలి వైపు గట్టు మాత్రం ఎత్తుగా మిగిలిపోతుంది. పైనుంచి చూస్తే తెలియదు. చదునైన స్కేలును బేస్ అంచుమీద ఆనించి అంగిలి వైపుకు చాపితే తెలుస్తుంది. ఇక్కడ కుడివైపు 1.5 మి.మీ. మిగిలింది. దాన్ని తీయకుండా ఉంటే తాత్కాలిక బ్రిడ్జి లోపలి అంచు దానిమీద ఆగిపోయేది.

డ్రిల్లింగ్‌లో ఆలోచించాల్సింది వేడి, నోరు తెరుచుకునే మేర. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక నిమిషం ఉంటే దెబ్బతింటుందన్నది 1983 నాటి ప్రయోగాల నుంచి తెలిసినదే. స్లీవ్ నీటిని అడ్డుకుంటుంది, డ్రిల్ కొసకు చేరేది తక్కువ. చల్లటి సెలైన్‌ను అసిస్టెంట్ సిరింజితో స్లీవ్ కింద నుంచి విడిగా కొట్టాలి. డ్రిల్‌ను పూర్తిగా బయటికి తీసి తీసి దించాలి, లోపలే తిప్పుతూ ఉంచకూడదు. వేగం 800 ఆర్‌పిఎం దాటలేదు. రోగి నోరు 38 మి.మీ. తెరుచుకుంటుంది. గైడెడ్ డ్రిల్ స్లీవ్ ఎత్తు మేర మామూలు దానికన్నా పొడుగు, పైగా వెనక ఇంప్లాంట్ వాలు వల్ల హ్యాండ్‌పీస్ తల ఇంకా వెనక్కి పోవాలి. అందుకే వెనక స్లీవ్‌లను బుగ్గ వైపు తెరిచి డిజైన్ చేయించాం, డ్రిల్ పక్కనుంచి లోపలికి వస్తుంది.

ఎముక మెత్తన. చివరి డ్రిల్ వేయకుండా ఇంప్లాంట్లు దించాం. బిగింపు బలం, అంటే టార్క్, 12 దగ్గర 45 ఎన్‌సిఎం (న్యూటన్ సెంటీమీటర్లు), 22 దగ్గర 40, 15 దగ్గర 35 వచ్చాయి. 25 దగ్గర 20 మాత్రమే. అదే రోజు బ్రిడ్జి బిగించాలంటే 35 ఉండాలని పెట్టుకున్నాం. 25 చోట ఎముక వెడల్పు 7.5 మి.మీ. ఉంది, 4.5 మి.మీ. ఇంప్లాంట్ పెట్టినా రెండువైపులా 1.5 మి.మీ. మిగులుతుంది. పాతది వెనక్కి తీసి, కొత్త డ్రిల్ ఏదీ వేయకుండా, అదే స్లీవ్‌లోంచి 4.5 x 15 మి.మీ. దించితే 38 వచ్చింది. రాకపోయి ఉంటే? ముందే చేయించి పెట్టిన, తీసిపెట్టుకునే తాత్కాలిక పళ్లసెట్టు సిద్ధంగా ఉంది. అది లేకుండా ఇమీడియట్ లోడింగ్ (అదే రోజు బ్రిడ్జి బిగించే) కేసు మొదలుపెట్టకూడదు. ఉంటేనే తక్కువ టార్క్ వచ్చినప్పుడు మనసు సాకులు వెతకదు.

వాలిన ఇంప్లాంట్లలో ఎక్కువమంది తడబడేది రెండు చోట్ల. మొదటిది హెక్స్ (ఇంప్లాంట్ లోపలి ఆరు మూలల గుంట) దిశ. 30 డిగ్రీల మల్టీయూనిట్ అబట్‌మెంట్ (వాలిన ఇంప్లాంట్ మీద బ్రిడ్జి స్క్రూను నిటారుగా తెచ్చే ముక్క) స్క్రూ ఎటు తెరుచుకోవాలో ఇంప్లాంట్ లోపలి హెక్స్ నిర్ణయిస్తుంది, దాని మెట్టు 60 డిగ్రీలు. మౌంట్ (ఇంప్లాంట్‌ను దించే పిడి) మీది గీత గైడ్ మీది గీతకు కలిసేదాకా ఆఖరి మలుపు ఆపకూడదు. లేకపోతే స్క్రూ రంధ్రం పన్ను ముఖంలోంచి బయటికొస్తుంది. రెండోది ఎముక అడ్డు. 30 డిగ్రీలు వాలిన 4 మి.మీ. ఇంప్లాంట్ తలలో ముందు అంచు గట్టుకు సమానంగా ఉంటే వెనక అంచు 2 మి.మీ. ఎముక లోపల ఉంటుంది. ఆ వెనక వైపు ఎముకను బోన్ మిల్లుతో తీయకపోతే అబట్‌మెంట్ ఎముకమీద కూర్చుని, స్క్రూ టార్క్ మాత్రం చూపిస్తుంది. పెరియాపికల్ ఎక్స్‌రే (నోట్లో తీసే చిన్న ఎక్స్‌రే) లేకుండా కూర్చుందని నమ్మకూడదు. ఈ సిస్టమ్‌లో నిటారు అబట్‌మెంట్లకు 35, వాలిన వాటికి 15, బ్రిడ్జి స్క్రూలకు 15 ఎన్‌సిఎం.

తాత్కాలిక బ్రిడ్జి మిల్లింగ్ చేసిన పిఎమ్ఎమ్ఏ (ఒక రకం యాక్రిలిక్ ప్లాస్టిక్). దాన్ని బేస్ గైడ్‌కు తగిలిస్తే ఎత్తు, మధ్యగీత, కాటు మూడూ ప్లాన్ ప్రకారం వస్తాయి. అబట్‌మెంట్ల మీద నిలిచే టైటానియం సిలిండర్లు దాని రంధ్రాల్లోకి గోడ తగలకుండా రావాలి. మూడు వచ్చాయి, 25 దగ్గరిది ముందు గోడకు తగిలింది. ఇంప్లాంట్ మార్చినప్పుడు దిశ కాస్త మారినట్టుంది. అలా తగులుతుండగానే రెసిన్ పోసి అతికిస్తే, స్క్రూ బిగించినప్పుడల్లా బ్రిడ్జి ఇంప్లాంట్‌ను లాగుతూ ఉంటుంది. రంధ్రాన్ని 1 మి.మీ. పెంచి, చుట్టూ ఖాళీ వచ్చాకే కుట్ల మీద రబ్బర్ డ్యామ్ ముక్కలు పరిచి, సెల్ఫ్ క్యూర్ యాక్రిలిక్‌తో అతికించాం. చివరి ఇంప్లాంట్ వెనకకు పళ్లు లేవు. కింద సొంత పళ్లు ఉన్న నోటికి తాత్కాలిక బ్రిడ్జిలో కాంటిలివర్ (కింద ఆసరా లేకుండా వెనక్కి చాచిన పళ్లు) పెట్టడం అనవసరమైన ధైర్యం.

తర్వాత జరిగింది

సర్జరీ తర్వాత తీసిన సిబిసిటిని ప్లాన్ మీద పెట్టి కొలిచాం. అన్నిటికన్నా ఎక్కువ తేడా 25 దగ్గర: తల దగ్గర 1.1 మి.మీ., కొన దగ్గర 1.5 మి.మీ., కోణం 3.2 డిగ్రీలు. సైనస్ గోడ చెక్కుచెదరలేదు. స్క్రూలను ఆ రోజే తీసేయలేదు. తాత్కాలిక బ్రిడ్జితో, స్క్రూలతో కలిపి ఇంట్రా ఓరల్ స్కాన్ తీశాకే తీశాం. పళ్లున్నప్పటి స్కాన్‌కు, లేనప్పటి స్కాన్‌కు ఉమ్మడిగా మిగిలేవి ఆ స్క్రూలే. వాటివల్ల పాత పెదవి ఆసరా, కాటు ఎత్తు తుది బ్రిడ్జి డిజైన్‌లోకి నేరుగా వచ్చాయి.

రెండు నెలలకు తాత్కాలిక బ్రిడ్జి 25 సిలిండర్ పక్కన పగిలింది. రంధ్రం పెంచినప్పుడు అక్కడ గోడ పలచబడింది, 2 మి.మీ. కన్నా తక్కువ మిగిలింది. రిపేర్ చేసి ఆ చోట మందం పెంచాం. ఇలాంటి కేసుల్లో ప్లాన్ దశలోనే వాలిన ఇంప్లాంట్ల చుట్టూ బ్రిడ్జిని మరో మిల్లీమీటరు లావు చేయించుకోవడం మంచిది. రంధ్రం పెంచాల్సి వచ్చేది ఎప్పుడూ అక్కడే.

ఐదో నెలలో ఫొటోగ్రామెట్రీతో (ఫొటోల నుంచి కొలతలు తీసే పద్ధతితో) ఇంప్లాంట్ల స్థానాలు తీసుకుని, టైటానియం బార్ ట్రయల్‌లో ఒక చివర స్క్రూ మాత్రమే బిగించి మిగతా చోట్ల సందు లేదని చూసి, తుది బ్రిడ్జి ఇచ్చాం. లోపలి తలం చిగురు వైపు ఉబ్బుగా, వాటర్ ఫ్లాసర్ కొస దూరేలా.

ఈ కేసు తర్వాత క్రమంలో మార్చుకోదగ్గవి

చిగుళ్ల చికిత్స ముందు, స్కాన్ తర్వాత. రెండో గ్రేడు లేదా అంతకన్నా ఎక్కువ కదిలే పన్నును పొజిషనింగ్ గైడ్‌కు ఆధారంగా లెక్కించకూడదు. మంచి పళ్లు దవడలో విడివిడిగా మూడు నాలుగు చోట్ల ఉంటే స్క్రూల అవసరమే లేదు. పళ్లు అసలు లేని దవడకు మార్కర్లున్న సెట్టుతో డ్యూయల్ స్కాన్ (సెట్టు నోట్లో ఉండగా ఒకటి, సెట్టును విడిగా ఒకటి) సరిపోతుంది. స్క్రూలు కావలసింది ఈ మధ్యరకం కేసులకే, అంటే పళ్లు ఉన్నట్టే ఉండి నమ్మకానికి లేని దవడలకు.

పిన్నుల చోట్లు సాఫ్ట్‌వేర్‌లో పళ్లు ఉన్న ఎముక మీద కాకుండా పళ్లు తీసేసిన ఎముక మీద చూసుకోవాలి. కోరపన్ను ఉబ్బు చూడ్డానికి గట్టిగా ఉంటుంది, లోపల వేరు తప్ప ఏమీ ఉండదు. వేరు కొనలకు పైన, ముక్కు రంధ్రం అంచుకు కింద, లేదా బట్రెస్‌లో వెతకాలి. అదనపు రంధ్రాలకు డిజైన్‌లో ఖర్చేమీ లేదు.

చెక్ చేయి వేయాల్సిన సందర్భాలు: పిన్నులు బిగించాక, పళ్లు తీశాక, ఎముక తగ్గించాక, మొదటి డ్రిల్‌కు ముందు. ల్యాబ్‌లు దీన్ని వాటంతట అవి పంపవు, ఆర్డర్‌లో విడిగా అడగాలి. అడిగేటప్పుడు "స్క్రూ తలలను తాకే కొనలు సన్నగా, కంటికి కనబడేలా" అని రాయాలి. గిన్నెలా కప్పేసేలా చేస్తే సందు ఉన్నా లేకపోయినా ఒకేలా కనిపిస్తుంది.